పదకొండో షరతు

ఫోన్ల షాపు బయట స్టూలు వేసుకుని కూర్చునే పెద్దాయన ఎదురు షాపు మనిషేనట. బేరం చెడగొట్టినప్పుడల్లా ఆయనకింత ముడుతుందట.

ఈ మాట పక్కింటావిడ మోసుకొచ్చింది. నీకెవరు చెప్పారంటే, "అందరూ అంటున్నారు" అంది.

టైలరమ్మకి ఆ సాక్ష్యం చాలు.

అప్పటికే ఆమె బల్ల మీద మూడు కంపెనీల కాగితాలు పరిచి ఉన్నాయి, కత్తిరించబోయే బట్టల్లా. ఒకదాంట్లో మాటలు ఎక్కువ, నెట్టు తక్కువ. ఇంకోదాంట్లో నెట్టు ఎక్కువేగానీ వారం తిరిగేసరికి నీరసపడుతుంది. మూడోది జంట ప్లాను. మొగుడికీ పెళ్లానికీ ఒకటే ఒప్పందం, రెండేళ్లు, ఖర్చు సగం.

"చిన్నక్షరాలు చదివావా?" అన్నాడు మొగుడు.

"సూదిలో దారం ఎక్కించడానికే కళ్లు చాలట్లేదు. ఇవేం చదవను?"

"బట్ట చూస్తే కొలత చెబుతావు, కాగితం చూస్తే ఆవలిస్తావు."

గోడ గడియారం ఒంటిగంట కొట్టింది. వెంటనే ఫోను మోగింది.

"చిట్టీ, తిన్నావా?"

"తిన్నానక్కా."

అవతల పెట్టేశారు. రోజూ అంతే.

అక్కకి మతిమరుపు జబ్బు వచ్చి నాలుగేళ్లు. కొడుకు పేరు పోయింది, ఇంటి దారి పోయింది. చెల్లెలి నంబరొక్కటే వేళ్లలో మిగిలింది. ఒంటిగంటకి చూడకుండా నొక్కేస్తుంది. చెల్లెలు తిన్నానంటేనే తను పళ్లెం దగ్గరికి లాక్కుంటుంది.

మర్నాడు మొగుడూ పెళ్లాం షాపుకి వెళ్లారు. గుమ్మం దగ్గర పెద్దాయన స్టూలు మీంచి లేచాడు. ఉతికిన చొక్కా, జేబులో రెండు పెన్నులు.

"జంట ప్లానా అమ్మా? ఎవరి నంబరు ముందు రాయిస్తున్నారు?"

"ఈయనది. ఎవరిది రాయిస్తే మీకేం?"

"ముందు రాసిందే నిలుస్తుంది. పదకొండో షరతు ఒక్కసారి..."

"ఎదురు షాపువాళ్లు ఏపాటి ఇస్తారేంటి మీకు?"

పెద్దాయన చిన్నబుచ్చుకున్నాడు. "ఎవరూ ఏమీ ఇవ్వరమ్మా. నిద్ర పట్టక వస్తున్నాను."

"నిద్ర పట్టకపోతే డాక్టరు దగ్గరికి వెళ్లాలి గానీ, జనం మీద పడితే ఎలాగండీ?" అన్నాడు మొగుడు.

లోపల కౌంటరు అమ్మాయి మొగుడి నంబరు ముందు రాసింది. టైలరమ్మకి కొత్త నంబరుతో సిమ్ము ఇచ్చింది.

"మరి నా పాత నంబరు?"

"దానికి చేసినా దీనికే వస్తుందండీ."

ఎన్నాళ్లని ఈమె అడగలేదు. ఆ అమ్మాయి చెప్పలేదు.

సంతకం అయ్యాక ఇంకో కాగితం ముందుకు జరిపింది.

"ఇదేంటి?"

"బయట పెద్దాయన మీద ఫిర్యాదండీ. కస్టమర్లని విసిగిస్తున్నాడని. పై ఆఫీసుకి పంపాలి."

టైలరమ్మ ఈ సంతకం ఇంకా గుండ్రంగా పెట్టింది.

నెల రోజులు ఏ తేడా లేదు. ఒంటిగంటకి అక్క పాత నంబరుకే నొక్కేది, కొత్తదానికే మోగేది.

ముప్పై ఒకటో రోజు మోగలేదు.

రెండయింది. మిషను మీద చెయ్యి ఆడక అక్క కొడుక్కి ఫోన్ చేసింది.

"పిన్నీ, నీ నంబరు ఎవరో మగాయన ఎత్తుతున్నాడు. అమ్మ మళ్లీ మళ్లీ చేస్తోంది. చిట్టికేదో అయిందని పళ్లెం తోసేసింది."

"అక్కకివ్వు... అక్కా, నేనే, చిట్టిని. తిన్నాను."

"మీరెవరండీ?" అంది అక్క మర్యాదగా. "మా చిట్టి తను చెయ్యదు. నేను చేస్తేనే ఎత్తుతుంది."

కొత్త నంబరు పెద్ద అంకెలతో రాసి అక్క ముందు పెట్టారు. అక్క దాన్ని చూస్తూనే పాతది నొక్కింది.

టైలరమ్మ తన నంబరుకి తనే ఫోన్ చేసింది. ఎత్తినాయనకి లారీలున్నాయి. పాపం, అంతా విన్నాడు.

"ఈ నంబరు నెల ముందే అడిగి పెట్టుకున్నానమ్మా. లారీల మీద రాయించేశాను కూడా. పోనీ నేనే తిన్నానని చెప్పి చూశాను. నా గొంతు వినగానే ఏడుస్తున్నారావిడ."

నాలుగో రోజుకి అక్క గ్లాసెడు పాలు కూడా తాగడం మానేసింది.

టైలరమ్మ షాపుకి పరిగెత్తింది. కౌంటరు అమ్మాయి ఒప్పందం తిప్పి, గోటితో పదకొండో షరతు చూపించింది. రెండవ సంఖ్య ముప్పది దినముల అనంతరము సంస్థకు చెందును. తిరిగి పొందుటకు వీలులేదు.

"ఆ రోజు నాది ముందు రాయించి ఉంటే?"

"మీకే ఉండేదండీ."

టైలరమ్మ గుమ్మం వైపు చూసింది. స్టూలు లేదు.

"ఆ పెద్దాయన్ని ఒక్కసారి పిలవమ్మా. ఆయనకేదైనా దారి తెలుస్తుందేమో."

"రావట్లేదండీ. మీ అందరి సంతకాలతో కాగితం వెళ్లింది కదా. ఇల్లెక్కడో మాకెవరికీ తెలీదు."

గోడ మీద ఒంటిగంట కావస్తోంది. టైలరమ్మ కుర్చీలో కూలబడింది. చేతిలో ఫోను నల్లగా, చల్లగా ఉంది. వరసలో నిలబడ్డవాళ్లు కాగితాల మీంచి తలలెత్తి చూశారు.

"ఈ షరతు రాసిన మహానుభావుడెవడో. వాడికి అక్కాచెల్లెళ్లు లేరా? అసలు వాడికి నిద్రెలా పడుతుందమ్మా?"

"పట్టకేగా ఇక్కడికొచ్చి కూర్చునేవాడు," అంది కౌంటరు అమ్మాయి తలెత్తకుండా. "ముప్పై ఏళ్లు పై ఆఫీసులో ఈ షరతులన్నీ రాసింది ఆయనేనండీ, మీరు పంపించేయమన్నాయన."