వల సగంలో ఉంది

కరుణాకుమారి చీర కుచ్చిళ్లకు అంటిన గుంట బురద ఆసుపత్రి ఏసీ గాలికి ఎండి, పొడిగా రాలుతోంది.

లోపల బల్ల మీద ఆమె భర్త హెబ్రోను ఉన్నాడు. గుండెకు పోయే రక్తనాళం మూసుకుపోయింది. దాన్ని తెరవబోతున్నారు.

"నొప్పి ఎప్పుడు మొదలైందమ్మా?" డాక్టర్ నరేంద్రబాబు అడిగారు.

"మధ్యాహ్నం, సార్."

అబద్ధం.

తెల్లవారుతూనే రొయ్యల గుంటలో వల దిగింది. ఐసు లారీ కట్ట పక్కనే సిద్ధంగా ఉంది. హెబ్రోను ఛాతీ పట్టుకుని కూలబడ్డాడు.

"గుండెల్లో బరువుగా ఉండాది కరుణా. ఆసుపత్రికి పోదామా?"

"గ్యాసులేయ్యా. సోడా తాగు. వల సగంలో ఆపితే రొయ్యలన్నీ చచ్చి తేలతాయి."

తాగాడు. ఎండ నడినెత్తికొచ్చి, ఆఖరి ట్రే లారీ ఎక్కేదాకా అలాగే కూర్చున్నాడు.

డాక్టర్ గారు మాస్కు సర్దుకున్నారు. "రక్తం అందక మాడిన గుండెకు, ఆ రక్తమే ఒక్కసారిగా వచ్చిపడినా దెబ్బేనమ్మా. ఎంతసేపు మాడిందో తెలిస్తే దానికి తగ్గ జాగ్రత్తలో ఉంటాం. మధ్యాహ్నమేగా?"

ఆమెకు గుంట గుర్తొచ్చింది.

కిందటి వేసవిలో కరెంటు చాలాసేపు పోయి వచ్చింది. గాలి అందక రొయ్యలు పైకి వస్తుంటే, ఆమె పరుగున వెళ్లి, నీళ్లను చిలికి గాలి అందించే ఏరియేటర్ల స్విచ్చులన్నీ వెయ్యబోయింది. హెబ్రోను ఆమె చెయ్యి పట్టుకుని ఆపాడు.

"అన్నీ ఒకేసారి వేస్తే అడుగు బురదంతా లేస్తుంది. బతికుండేవి కూడా పోతాయి. కరెంటు ఎంతసేపు పోయిందో చూసుకోని, ఒక్కోటీ వెయ్యాల."

చేతులు కాలాక ఆకులు పట్టుకోవడమే. అయినా నోరు విప్పింది.

"తెల్లారినప్పటి నించి సార్. నేనే... నేనే ఆపినాను."

ఆయన వాచీ చూసుకున్నారు. గబగబా లోపలికి వెళ్లిపోయారు. తిట్టి ఉంటే బాగుండేదనిపించింది ఆమెకు.

పొద్దు వాలాక బయటికొచ్చారు.

"గండం గడిచింది. గుండెలో కొంత భాగం మాత్రం ఇక పనిచెయ్యదమ్మా. గుంట పనులు మానిపించు."

ఆమెను లోపలికి పంపారు. ఛాతీ నిండా వైర్లతో హెబ్రోను నెమ్మదిగా కళ్లు తెరిచాడు.

"కరుణా... రొయ్యలేమైనాయి?"

ఆమె దుప్పటి అంచు సర్దింది. గోళ్ల సందుల్లో ఇంకా బురద ఉంది.

"ఒక్కటి కూడా చెడిపోలేదయ్యా."