తప్పులు సున్నా

"ఇది కరెంటు వాళ్ల నిర్వాకం. మన ప్రోగ్రాంలో తప్పులు సున్నా, మామయ్యగారూ! ఇన్నేళ్లలో ఎవరైనా సున్నా తెచ్చారా?" అన్నాడు అల్లుడు, చొక్కా పై గుండీ తీసుకుంటూ.

ఫ్యాను ఆగిపోయి లోపల ఉడికిపోతోంది. కంపెనీ యజమాని అయిన మామగారు చెమట తుడుచుకున్నారు. కూతుర్నిచ్చిన పాపానికి ఆయన అల్లుడికి టీమ్ లీడర్ పదవి కూడా ఇచ్చారు. ఆ పదవిలో అతగాడు వెలగబెట్టింది ఒక్కటే. ఫోల్డర్లలో ఖాళీగా పడున్న 'ఇనిట్' ఫైళ్లు చెత్తంటూ ఏరి పారేశాడు. మర్నాటి నుంచి పరీక్షలు చేసే టూల్ ఒక్క తప్పూ చూపించలేదు. ఇక అల్లుడిగారిని పట్టేవాళ్లెవరు?

మూల నిలబడ్డ టెస్టర్ నవ్వింది. ఆఫీసులో ఆమెకి 'వంకలమ్మ' అని పేరు పెట్టింది ఈ అల్లుడే.

"ఎందుకు చూపిస్తుంది? ఆ ఫైలుంటేనే మన టూల్ ఫోల్డరు గడప తొక్కుతుంది. లేకపోతే దాని మొహం కూడా చూడదు," అంది.

"మరి ప్రోగ్రాం ఎలా నడుస్తోందో?" వెటకారంగా అడిగాడు అల్లుడు.

"ఆ ఫైలు లేకపోయినా, ప్రోగ్రాంని నడిపే పైథాన్ తనకి కావలసింది ఫోల్డర్లో వెతుక్కుని తెచ్చుకుంటుంది. మన టూల్ వెతుక్కోదు. పరీక్ష హాల్లోకే రాని ఇన్విజిలేటర్ ఎవరూ కాపీ కొట్టలేదంటే నమ్ముతారా?"

"లోపల అక్షరం ముక్క లేని ఫైలుకి ఇంత పురాణమా! ఆడలేక మద్దెల ఓడన్నట్టు, తప్పు దొరక్క టూల్ మీద పడ్డారు. మామయ్యగారూ, ఈవిణ్ణి ఇవాళే తీసెయ్యండి."

యజమాని దిగులు వేరు. ఈ బేరం పోతే కంపెనీకి తాళమే.

"పైన కొనేవాళ్లు కూర్చున్నారమ్మా. అన్నీ పరీక్షించాను, భేషుగ్గా ఉందని ఒక్క మాట చెప్పు. లేదంటే నీ ఉద్యోగం ఉండదు," అన్నారు.

"చెప్పను సార్."

"అయితే ఇప్పుడే బయటికి నడవండి!" అరిచాడు అల్లుడు.

"అంతకంటేనా! పంపించండి, మహారాణిలా వెళ్తా."

అల్లుడి మొహం కందగడ్డలా అయింది. ఎదురుగా ఉన్న బటన్ టకటకా నొక్కాడు.

యజమాని గొంతు తగ్గించారు. "ఇంతకీ టూల్ చూడకుండా వదిలేసిన ఫోల్డర్లలో ఏమున్నాయమ్మా?"

"రెండే సార్. ఒకటి తలుపులు," అని ఆమె కాస్త ఆగింది. "రెండోది బ్రేకులు."

యజమాని ఊపిరి బిగబట్టి, ఉన్నచోటే కదలకుండా నిలబడిపోయారు.

వాళ్ల ప్రోగ్రాంతో తొలిసారి పైకి బయల్దేరిన ఆ లిఫ్టు, ముగ్గురినీ కడుపులో పెట్టుకుని, రెండంతస్తుల మధ్య ఆగిపోయి అప్పటికి గంటయింది.