పిచ్చిమొక్కకు పేరు

"మళ్ళీ లెక్కపెట్టు," అన్నాడు ప్రొఫెసర్, మైక్రోస్కోప్ ముందు నుంచి కుర్చీ వెనక్కి జరుపుకుంటూ.

ఆమె కూర్చుని మళ్ళీ లెక్కపెట్టింది. వేరు కొసను నలిపి రంగు వేసిన గాజుపలక మీద క్రోమోజోములు చిట్టి పుల్లల్లా విడివిడిగా కనిపిస్తున్నాయి.

"ముప్పై రెండే సార్."

"రెండు కణాలు ఒకదాని మీద ఒకటి పడ్డాయేమో."

"వేరే పలకలు కూడా చేశాను. అన్నిట్లోనూ అంతే."

ఆ నీలిపూల పిచ్చిమొక్కకు ఉండాల్సినవి పదహారు. గోడ పగుళ్ళలోంచి తెచ్చినా, రైలు పట్టాల పక్కన పీకి తెచ్చినా పదహారే. ఏళ్ళ తరబడి అదే లెక్క. ల్యాబ్‌లో అందరూ ఆమెను 'పదహారణాల పిల్ల' అని ఏడిపించేవారు.

అయితే అడవి మొక్కల్లో ఎప్పుడో ఒకసారి ప్రకృతి లెక్క తప్పుతుంది. క్రోమోజోములు రెట్టింపవుతాయి. ఆకు మందమవుతుంది, పువ్వు పెద్దదవుతుంది, పాత చుట్టాలతో పొత్తు తెగి ఆ మొక్క కొత్త జాతికి మొదలవుతుంది. అలాంటిది కంటపడాలంటే పెట్టి పుట్టాలి.

ప్రొఫెసర్ గడ్డం గోక్కున్నాడు. "ఎవరూ కాల్చిసిన్ తగిలించలేదు కదా?"

ఆ ప్రశ్నకు ఆమె మనసు చివుక్కుమంది. కణం చీలకుండా ఆపి క్రోమోజోములను రెట్టింపు చేసే మందు అది. దాంతో ఇలాంటి మొక్కను ఎవరైనా తయారుచెయ్యొచ్చు. అలా చేసిన మొక్కను కొత్త జాతి అంటే నలుగురూ నవ్విపోతారు.

"మన సీసా సీలు కూడా తియ్యలేదు సార్. ఈ మొక్క మా ఇంటి కిటికీలో, గింజ నుంచి మొలిచింది. నీళ్ళు తప్ప దానికి ఇంకోటి తెలీదు."

"అయితే రాసి పంపు. నెలాఖరుతో నీ ఉద్యోగం గడువు అయిపోతుంది. ఈ వ్యాసం వెళ్తే నిన్ను ఉంచమని నేను గట్టిగా అడగగలను. లేకపోతే నా చేతుల్లో ఏమీ లేదు."

ఇంటికి వచ్చేసరికి తండ్రి కిటికీ పక్కన కుర్చీలో, స్టూలు మీద కాలు పెట్టుకుని ఉన్నాడు. రిటైరైన బస్సు కండక్టర్ ఆయన. దారిలోని స్టాపులన్నీ ఇప్పటికీ కంఠతా చెబుతాడు. ఒకసారి విన్న పేరు మరిచిపోయే రకం కాదు. చలికాలం నుంచి బొటనవేలు వాచి గుమ్మం దాటడం లేదు.

"నాన్నా, పదహారు ఉండాల్సిన చోట ముప్పై రెండు ఉన్నాయి."

"ఓస్, అంతేనా? పదహారు సీట్ల బండిలో ముప్పై రెండు మందిని ఎక్కించడం మాకు రోజూ ఉండేదే."

ఆమెకు నవ్వు ఆగలేదు. చాలా రోజుల తర్వాత ఆ ఇంట్లో నవ్వు వినిపించింది.

"మాత్ర వేసుకున్నావా?"

చేదు మాత్ర గొంతు దిగదని ఆయన దాన్ని నీళ్ళలో కరిగించుకుంటాడు. "గ్లాసు చూసుకో. చుక్క లేదు."

"మరి వాపెందుకు తగ్గట్లేదు? ఈ ఉద్యోగం నిలబడితే నిన్ను పెద్ద డాక్టరుకి చూపిస్తా. డిపో డిస్పెన్సరీ పొట్లాలు ఇంక చాలు."

"నా సంగతి వదిలెయ్. నీ మొక్క చూడు, కూర్చుని తిన్నట్టు ఎలా ఒళ్ళు చేసిందో."

నిజమే, ఆకులు దళసరిగా నిగనిగలాడుతున్నాయి. ఆమె కంప్యూటర్ తెరిచి ఆయన పక్కనే కూర్చుంది. వ్యాసం అంతా అయిపోయింది, పేరు ఒక్కటే ఖాళీ.

"కొత్త మొక్కకి పేరు పెట్టే హక్కు నాది నాన్నా. నీ పేరు పెడుతున్నా."

ఆయన ముఖం చాటంత అయింది. అంతలోనే తల వంచుకుని చొక్కా గుండీ సవరించుకున్నాడు. సర్వీసంతా టికెట్ కొట్టకుండా పైసా ముట్టని మనిషి. తనది కానిది ఏదీ ఆయనకు అరగదు.

"నేనేం చేశానని తల్లీ?"

"నేను మొక్కల కోసం ఊళ్ళు పట్టుకు తిరుగుతుంటే, విత్తిన రోజు నుంచి దానికి నీళ్ళు పోసింది నువ్వే కదా. నీ చేతి నీళ్ళకే అది ఇంతదయింది."

"కోప్పడనంటే ఒక మాట చెబుతాను. నా పేరు పెట్టేదాకా వచ్చాక దాచకూడదు."

"చెప్పు నాన్నా," అంటూ ఆమె ఆయన పేరు రాసి, పంపడానికి వేలు మీట మీద ఉంచింది.

"ఆ పోసినవి, నేను తాగాల్సిన కాల్చిసిన్ మాత్ర నీళ్ళు."