ఏడో బిళ్ళ

“ఈ ఉత్తరం ఇప్పుడే ఇవ్వకు. ఆవిడ చెయ్యి వణికిందంటే ఏడో బిళ్ళ కూడా పోతుంది. లేజర్ వెలిగాక ఇద్దువుగాని” అన్నాడు పెద్దసారు.

ఇంజనీరమ్మ ఆ కాగితాన్ని మడిచి తన డ్రాయర్ అడుగున దోపింది. మనసంతా చేదయింది. ఆ ఉత్తరం బిళ్ళలకు మెరుగుపెట్టే అత్తకు వచ్చింది: కొత్త యంత్రం ఉంది, ఆమెకూ అరవై దాటాయి కాబట్టి రేపటి నుంచి పనిలోకి రానక్కర్లేదు.

ఆ యంత్రం మెరుగుపెట్టిన ఆరు బిళ్ళలూ పరీక్షలో పగిలిపోయాయి మరి! బిళ్ళంటే గాజు కాదు. సన్నటి పొడిని అచ్చులో నొక్కి, కొలిమిలో కాల్చిన పింగాణీ. అయినా అందులోంచి అవతలి మనిషి కనుబొమ్మలు లెక్కపెట్టొచ్చు. లేజర్ కాంతిని పుట్టించే నియోడిమియం అనే లోహం చిటికెడు కలిపినందుకు లేత ఊదారంగు. మిగిలింది ఒక్కటే. అదీ పగిలితే ఈ ప్రయోగశాలకు తాళమే. అందుకే దాన్ని ముప్పై ఏళ్ళుగా ఇదే పని చేస్తున్న అత్త చేతిలో పెట్టారు.

“అమ్మాయ్, సన్న అచ్చు కాగితం ఏదైనా ఉందా? పేపరు అక్షరాలు మరీ లావు” అంది అత్త. బిళ్ళను అచ్చు మీద పెట్టి చూడటమే ఆమె పరీక్ష. ఒక్క అక్షరం మసకబారినా మళ్ళీ రుద్దుతుంది.

“నా డ్రాయర్లో తలనొప్పి మాత్రల కాగితం ఉంది, తీసుకోండత్తా” అంది ఇంజనీరమ్మ, కటకాలు సరిచేస్తూ తల తిప్పకుండానే.

అత్త డ్రాయర్లోంచి కాగితం తీసుకుని, తన బల్ల మీదికి వంగి చాలాసేపు చూసింది. కళ్ళజోడు తీసి తుడుచుకుంది.

“ఏంటత్తా, కనబడట్లేదా?”

“కనబడకేం! మొదట్నుంచి చివరిదాకా చదివేశా. అరవై దాటినవాళ్ళకి పనికిరాదట.”

ఇంజనీరమ్మ పకపకా నవ్వింది. “మీకెందుకత్తా మాత్రలు? తలనొప్పులన్నీ మావేగా!”

“అంచున కాస్త మసకుంది. ఇంకో గంట పడుతుంది.”

ఆ గంటసేపూ ఇంజనీరమ్మ పని మాని చూస్తూ ఉండిపోయింది. ముడతలు పడ్డ ఆ వేళ్ళు బిళ్ళతో సున్నాలు చుట్టిస్తున్నాయి. వేగం పెరగదు, తగ్గదు. ఎంత ముచ్చటైన పనితనం!

మధ్యాహ్నం బిళ్ళను లేజర్లో బిగించి మీట నొక్కారు. లేజర్ కిరణం కంటికి కనబడదు. దాన్ని పట్టిచూపేందుకు ఎదురుగా పెట్టిన కార్డు మీద పచ్చటి చుక్క వెలగాలి. వెలిగింది. పెద్దసారు శక్తి పెంచాడు. ఇంకా పెంచాడు. బిళ్ళ చెక్కుచెదరలేదు.

“అదీ చెయ్యంటే!” పెద్దసారు కళ్ళు చెమర్చాయి. అత్త చేతులు కడుక్కోవడానికి వెళ్ళగానే గొంతు తగ్గించాడు. “ఆ యంత్రాన్ని వెనక్కి పంపేద్దాం. ఉత్తరం చించెయ్. ఆవిడకి ఈ సంగతి తెలియనే కూడదు.”

ఇంజనీరమ్మ ఒక్క అంగలో వెళ్ళి డ్రాయర్ లాగింది.

అందులో మాత్రల కాగితం మాత్రమే ఉంది.