మంచి రక్తం

"నూటికి తొంభై తొమ్మిది," అంది టెక్నీషియన్, తెర మీది అంకె చూసి.

బయోకెమిస్టు కళ్లద్దాలు తీసి కొంగుతో తుడుచుకుంది. ఆ రక్తం సొంత అక్కది.

అక్క కాళ్లు ఏడాదిగా మాట వినడం లేదు. వాళ్లమ్మ కూడా యాభై దగ్గర పడుతుండగా ఇలాగే మంచం పట్టింది, మళ్లీ లేవలేదు. ఆ మంచం పక్కన కూర్చునే చిన్నకూతురు ఈ చదువు ఎంచుకుంది. పెళ్లి వాయిదా వేసింది, తర్వాత ఆ ఊసే మరిచిపోయింది. పెద్ద కంపెనీలు పిలిస్తే వద్దంది. ఉన్న వయసంతా తెచ్చి ఒకే సరుకు మీద పెట్టింది.

ఆ సరుకు ఒక ఎంజైము. ఈ జబ్బువాళ్లకు అది పుట్టుకతోనే సగం తక్కువని ఆవిడ వాదం. ఆ లోటువల్ల నరాల్లో మలినం కొంచెం కొంచెంగా పేరుకుంటుంది. యాభై దాకా మనిషి గుండ్రాయిలా తిరుగుతాడు. ఆ తర్వాత కాళ్లు కూలిపోతాయి. లోటు ఉందని రుజువైతే దాన్ని పూడ్చే మందు చేసేవాళ్లు సిద్ధంగానే ఉన్నారు.

రుజువే దొరకడం లేదు.

ఆ ఎంజైముకు ఆయుష్షు తక్కువ. రక్తం తీసిన కాసేపటికే చచ్చిపోతుంది. అందుకని రోజూ పొద్దున్నే ఆరోగ్యంగా ఉన్న మనిషి రక్తం తాజాగా తీసి, దాని బలం నూరనుకుని, రోగుల రక్తాన్ని దానితో తూచాలి. ల్యాబులో దాన్ని 'మంచి రక్తం' అంటారు. ఎంతమందిని తూచినా ముల్లు మధ్యలోనే నిలబడుతోంది, రెండు రక్తాలూ సమానమే.

డైరెక్టరు పిలిచాడు. "ఎండిన బావిలో ఎన్నాళ్లని చేద వేస్తారు మేడం? ఈ నెలతో మూసేద్దాం. మీ గది ఇంకొకరికి కావాలి."

"ఇంకొక్క ఆరు నెలలు..."

"పోయినేడూ ఇదే మాట అన్నారు."

సాయంత్రం అక్క గుమ్మంలోనే అడిగింది. "ఏమే, తేలిందా?"

"నీ రక్తం బాగానే ఉందక్కా."

"ఆ ముక్క నా కాళ్లకి చెప్పు, సిగ్గుపడి లేస్తాయి." నవ్వి, అంతలోనే మొహం తిప్పుకుంది. "అమ్మ పోలిక నాకే రావాలా! పోన్లే, నన్ను మోయడానికి నువ్వన్నా ఉన్నావు."

చెల్లెలికి ఆ రాత్రి అన్నం సయించలేదు. ఇచ్చినదంతా పోయింది, చేతికి వచ్చింది లేదు.

మర్నాడు పొద్దున్నే అక్క స్నానాల గదిలో పడింది. చెల్లెలు ఆసుపత్రికి పరుగెత్తింది. పరీక్షలున్న రోజున ల్యాబుకు నాగా పెట్టడం ఇన్నేళ్లలో అదే మొదలు. ఎక్స్‌రే గది బయట ఉండగా ఫోన్ మోగింది.

"మేడం!" అంది టెక్నీషియన్. "ఇవాళ వచ్చిన రోగులందరిదీ సగమే! ఒక్కరిది కూడా యాభై దాటలేదు. రెండోసారి చేశాను. అంతే వచ్చింది!"

ఆవిడ గోడకు ఆనుకుంది. కళ్లలో నీళ్లు తిరిగాయి. ఆగకుండా నవ్వు వచ్చింది.

స్ట్రెచర్ మీంచి అక్క తల ఎత్తింది. "నేను పడితే నీకంత సంబరమేమిటే?"

"నీకు మందు దొరికిందక్కా!" అని, ఫోన్ మళ్లీ చెవి దగ్గర పెట్టుకుంది. "ఏం మార్చావు? కొత్త సీసా తెరిచావా? మెషీను సరిచేశావా?"

"ఏమీ మార్చలేదు మేడం, అంతా మీరు నేర్పినట్టే చేశాను... కాకపోతే, రోజూ మీ చేతిలోంచే తీసే మంచి రక్తం, మీరు రాలేదని ఇవాళ నాది తీసి పెట్టాను."