గేరు పడని కారు

కొమురయ్య క్లచ్ తొక్కి గేరు వేయబోతే, రాడ్డు చేతిలో అటూ ఇటూ ఊగిపోయింది. ఏ గేరూ పడలేదు.

కూతురు పనిచేసే మందుల కంపెనీలో పొద్దున పేలుడు జరిగింది. పటాన్‌చెరు ఆస్పత్రికి వెంటనే రమ్మని ఇప్పుడే ఫోన్ వచ్చింది.

కిందికి దిగి బానెట్ ఎత్తాడు. గేరు కేబుల్ కొన ఊడి వేలాడుతోంది. దాన్ని పట్టి ఉంచే క్లిప్పు లేదు.

"పోయిన నెలనే కొత్తది ఏసిన. గిప్పుడే ఊడాల్నా?"

ఇనుప తీగతో కట్టబోయాడు. తీగ జారి వేలు తెగింది. నేల మీద బోర్లా పడుకుని కారు కిందంతా తడిమాడు.

"కౌసల్యా, జెర నువ్వు గూడ సూడు! యాడనో పడ్డది."

అతని భార్య నిలబడ్డ చోటు నుంచి కదల్లేదు.

"ఊడలే. నువ్వు అంగీ ఏసుకునేలోపల నేనే తీసిన. పోయిన నెల నువ్వు దీన్ని పెడుతుంటే టార్చి పట్టింది నేనే గద," అంటూ పిడికిలి విప్పింది. అరచేతిలో క్లిప్పు ఉంది.

"పిచ్చి లేసిందా నీకు? ఆడ మన బిడ్డ..."

"పోతే మొకం మీది బట్ట తీసి సూపిస్తరు. గీమె మీ బిడ్డేనా అని అడుగుతరు. పోకపోతే బిడ్డ ఇంకా డ్యూటీలనే ఉన్నట్టు గదా."

కొమురయ్య క్లిప్పు అందుకోలేదు. ఆమె వేళ్లను తనే మళ్లీ మూసి, ఆ పిడికిలిని రెండు చేతులతో పట్టుకుని అక్కడే కూలబడ్డాడు.