గుమ్మటం మీద గుమ్మటం

“చేతులు దించు సదానందం. సమాధుల దగ్గర ఆ ఊపుడేంటి?” అని కసిరారు సమాధుల సూపర్‌వైజర్ జనార్దన్ సార్.

సదానందం చేతులు వెనక్కి కట్టుకున్నాడు. ఇరవై ఏళ్లు లింబాయత్ పేటలో సాంచాలు, అంటే మరమగ్గాలు, నడిపిన మనిషి. ఆ మోతలో నోటిమాట పక్కవాడికి చేరదు. దారం తెగిందన్నా, చాయ్ వచ్చిందన్నా చేతులతోనే చెప్పుకోవాలి.

“ఏం జేయాలె సార్, నోరు తెరిస్తే అవే లేస్తున్నయి.”

“లేవనివ్వకు. ఇవాళ వచ్చేవాళ్లకు పద్ధతిగా చెప్తేనే గైడు పని నీది. లేదంటే మళ్లీ సాంచాలే.”

ఊడ్చే పనికి వచ్చిన మూడు నెలల్లోనే ఈ తెల్లదొరల కుటుంబ సమాధి మీద సదానందానికి ప్రేమ పుట్టింది. దాని రాయి రాయీ తెలుసు.

ఇంతలో గేటు దగ్గర బస్సు ఆగింది. ఇరవై మంది కాలేజీ పిల్లలు దిగి, గమ్మున వచ్చి గుమ్మటం ముందు నిలబడ్డారు. వాళ్ల టీచరమ్మ కతర్‌గామ్ ట్రాఫిక్‌లో ఇరుక్కుందని డ్రైవరు చెప్పాడు.

సదానందం బుద్ధిగా చేతులు కట్టుకుని, బట్టీపట్టిన హిందీ అప్పజెప్పాడు. దొరలు వ్యాపారానికి వచ్చారు, ఇక్కడే కన్నుమూశారు. ఒక్క మొహంలోనూ కదలిక లేదు. ఓ అమ్మాయి ఆవలించింది. జనార్దన్ సార్ గడియారం చూసుకున్నారు.

‘పాయె, పని పాయె’ అనుకున్నాడు సదానందం. ఎలాగూ పోయేదే కదా, తనకు నచ్చినట్టే చెబుదామని చేతులు విప్పాడు.

చేతులతోనే దొరల తండ్రిని కింద పడుకోబెట్టాడు. రెండు అరచేతులూ బోర్లించి ఆయన మీద గుమ్మటం కట్టాడు. నవాబులకు తీసిపోకూడదని కొడుకులు దానిపైన ఇంకో అంతస్తు వేశారు కదా, అదీ లేపాడు. మూలమూలకూ స్తంభాలు నిలిపాడు. గోడలో దాగిన మెట్లను రెండు వేళ్లతో చకచకా ఎక్కి, పైన మరో గుమ్మటం బోర్లించాడు. పిల్లలు దగ్గరకు జరిగారు. ఆవలించిన అమ్మాయి కళ్లు అతని వేళ్ల వెంటే మెట్లెక్కాయి. అతను ఆపగానే అందరూ ఒక్కసారిగా చేతులు పైకెత్తి గాల్లో ఆడించారు.

“నీ ఊపుడు చూసి వెక్కిరిస్తున్నారు,” జనార్దన్ సార్ పళ్లు కొరికారు.

టీచరమ్మ ఆయాసపడుతూ వచ్చింది. పిల్లలంతా ఆమె చుట్టూ మూగారు. కాసేపటికి ఆమె జనార్దన్ సార్ వైపు తిరిగింది.

“మా పిల్లలందరికీ పుట్టుచెవుడు సార్, సైగలతో చెప్పడానికి నేను లేనని కంగారుగా పరిగెత్తుకొచ్చాను, ఈయన అన్నీ చెప్పేశారట, వీళ్లు చేతులాడించి చప్పట్లు కూడా కొట్టారట.”